విండోస్ 11కి మారాక ఫొటోషాప్ మొరాయిస్తోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది చిన్న ఫొటో స్టూడియో, పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు. ఆరు రోజుల క్రితం సిస్టమ్‌ని విండోస్ 10 నుంచి 11కి అప్‌గ్రేడ్ చేయించారు. అప్పట్నుంచి ఫొటోషాప్ తెరుచుకుంటూనే మూసుకుపోతోంది. ఎప్పుడైనా తెరుచుకుంటే తెల్లగా ఉండాల్సిన పేజీ పసుపు పూసినట్టుంది. తెలుగు వత్తులు విడిపోతున్నాయి, అను (తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్) కీబోర్డు పడటం లేదు. డెస్క్‌టాప్ మీద ఉన్న ఆల్బమ్ ఫోల్డర్లు ఎక్కడికి పోయాయో తెలియదు. కంప్యూటర్ షాపు అతనేమో "ఫార్మాట్ కొట్టేసి అన్నీ కొత్తగా వేస్తా" అంటున్నాడు. ఈ నెలలో రెండు ఆల్బమ్‌లు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది అన్నారు.

ఫార్మాట్ చేయించకండి. ఫొటోషాప్‌ని తీసేసి మళ్ళీ వేయడం కూడా ఇప్పుడే వద్దు. మీరు చెప్పిన నాలుగు గొడవలకీ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి, ఏదీ ఫొటోషాప్ పాడైపోవడం కాదు. మూసుకుపోవడానికి గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ (కార్డుని విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రాం) గానీ పాత ప్లగిన్ (ఫొటోషాప్‌కి విడిగా తగిలించే చిన్న ప్రోగ్రాం) గానీ కారణం అయ్యుంటుంది. పసుపు రంగు మానిటర్ ప్రొఫైల్‌ది, అంటే తెర మీద రంగులెలా చూపాలో చెప్పే ఫైలుది. వత్తులు, అను కీబోర్డు సెట్టింగ్‌ల సంగతి. ఫోల్డర్లు చాలావరకు వన్‌డ్రైవ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ ఫోల్డర్‌లో ఉంటాయి. కుదురుగా కూర్చుంటే ఒక పూటలో తేలిపోయే పని.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఆల్బమ్ డిజైనింగ్‌లో ఉన్నాను. చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళు సిస్టమ్ మొరాయిస్తే నాకే ఫోన్ చేస్తారు. విండోస్ 7 నుంచి 10కి మారినప్పుడు ఒక విడత, 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాక ఇంకో విడత ఈ తంతు చూశాను. కొత్త ఇంట్లోకి మారిన మొదటి రోజు వంట ఎందుకు ఆలస్యమవుతుంది? వండే మనిషి మారలేదు, పోపుల డబ్బా ఎక్కడ పెట్టారో తెలియక. ఇదీ అంతే. అప్‌గ్రేడ్‌లో ఫొటోషాప్ ఫైళ్ళ జోలికి విండోస్ పెద్దగా పోదు. దాని చుట్టూ ఉన్న డ్రైవర్లు, కలర్ ప్రొఫైళ్ళు, ఫోల్డర్ల దారులు, అనుమతులు మారతాయి.

ముందు ఒక పని చేయండి, అది కాకుండా ఏదీ ముట్టుకోవద్దు. అప్‌గ్రేడ్ అయ్యాక సీ డ్రైవ్‌లో 'విండోస్ డాట్ ఓల్డ్' అని ఒక ఫోల్డర్ ఉంటుంది. మీ పాత విండోస్ అదే. పది రోజుల లోపు ఎప్పుడైనా సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్ నొక్కి మళ్ళీ విండోస్ 10కి పోవచ్చు. పది రోజులు దాటితే విండోస్ దాన్ని తనే తుడిచేస్తుంది. మీకు ఆరు రోజులు అయిపోయాయి, ఇంకా నాలుగు ఉన్నాయి. ఈ గడువును 60 రోజుల దాకా పెంచే కమాండ్ ఒకటుంది. షాపు అతనికి తెలిసుంటే ఈ రోజే వేయించండి. ఫార్మాట్ కొడితే ఈ దారి మూసుకుపోతుంది. డిస్క్ క్లీనప్‌లో 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్' అన్నదానికి టిక్ పెట్టినా అంతే.

రెండోది, ఫొటోషాప్ సెట్టింగ్స్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో మీ పేరు, యాప్‌డేటా, రోమింగ్, అడోబీ, ఆ లోపల మీ ఫొటోషాప్ వెర్షన్ పేరుతో ఉంటుంది. యాప్‌డేటా దాచి ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది. ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ఒకసారి ఎవరో ఫోన్లో చెప్పారని ఏమీ దాచుకోకుండా రీసెట్ కొట్టాను. ఆరేళ్ళుగా పోగు చేసుకున్న యాక్షన్లు (ఒక్క నొక్కుతో జరిగేలా రికార్డు చేసుకున్న పనులు), మొహం మీద జిడ్డు తగ్గించేవి, చీర అంచు షార్ప్ చేసేవి, ఒక్క దెబ్బకి పోయాయి. తప్పు నాదే. ఆ సీజనంతా ప్రతి పనీ చేత్తో చేసుకున్నాను.

ఇక మూసుకుపోవడం. ఊహల మీద పోకుండా, ఎవరు చంపుతున్నారో విండోస్‌నే అడగండి. స్టార్ట్ నొక్కి 'రిలయబిలిటీ' అని ఇంగ్లీషులో కొడితే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. తేదీల వారీగా ఒక గ్రాఫ్ కనిపిస్తుంది, ఫొటోషాప్ పడిపోయిన రోజున ఎర్ర గుండ్రంలో అడ్డగుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి కింద ఫొటోషాప్ పేరు మీద రెండుసార్లు నొక్కండి. అక్కడ 'ఫాల్ట్ మాడ్యూల్ నేమ్' అని ఒక వరస. ఆ పేరు 'ఎన్‌వీ' అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియా డ్రైవర్. 'ఐజీ'తో మొదలైతే ఇంటెల్ గ్రాఫిక్స్. 'ఏటీఐ' లేదా 'ఏఎమ్‌డీ' అయితే ఏఎమ్‌డీ కార్డు. పేరు చివర '8బీఎఫ్' అని ఉంటే అది మీరెప్పుడో వేసుకున్న ఫిల్టర్ ప్లగిన్. చాలామంది మెకానిక్‌లు ఈ పేజీ తెరవరు, నేరుగా ఫార్మాట్‌కి పోతారు. నా దగ్గరకొచ్చిన సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి జవాబు ఈ ఒక్క వరసలోనే దొరికింది.

డ్రైవర్ పేరు వస్తే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ చూడండి. అక్కడ మీ కార్డు పేరు బదులు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని ఉంటే అసలు డ్రైవరే లేదన్నమాట, బొమ్మ ఏదో కనబడేంత వరకే అది. కార్డు పేరు సరిగ్గా ఉన్నా నమ్మొద్దు. విండోస్ అప్‌డేట్ తన దగ్గరున్న డ్రైవర్ వేస్తుంది, అది మీకు సరిపడే కొత్తది కాకపోవచ్చు. కార్డు తయారు చేసిన కంపెనీ సైట్ నుంచి, ల్యాప్‌టాప్ అయితే ఆ ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి, మీ మోడల్‌కి విండోస్ 11 డ్రైవర్ దించుకుని వేయండి. ఎన్‌విడియాలో రెండు రకాలుంటాయి. గేమ్ రెడీ కాదు, స్టూడియో డ్రైవర్ తీసుకోండి. వేసేటప్పుడు 'క్లీన్ ఇన్‌స్టాల్' టిక్ పెడితే పాత అవశేషాలు పోతాయి.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉండి ఉంటే ఇంకొక్క అడుగు. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లో ఫొటోషాప్‌ని చేర్చి 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోండి. లేకపోతే వేలు పోసి కొన్న కార్డు నిద్రపోతూ, ప్రాసెసర్‌తో పాటు వచ్చిన చిన్న గ్రాఫిక్స్ మీద పెళ్ళి ఆల్బమ్ నడుస్తుంటుంది.

ప్లగిన్ మీద అనుమానం ఉంటే ఫొటోషాప్ ఐకాన్ నొక్కగానే షిఫ్ట్ పట్టుకోండి. బయటి ప్లగిన్లు వదిలేయమంటారా అని అడుగుతుంది, సరే అనండి. అలా నిలబడిందా, దోషి ప్లగిన్‌లలోనే ఉన్నాడు. ప్లగిన్స్ ఫోల్డర్‌లోంచి అన్నీ బయటకు తీసి ఒక్కొక్కటే తిరిగి పెడుతూ పోండి. పదేళ్ళ కిందటి స్కిన్ స్మూతింగ్ ప్లగిన్‌ని ఇంకా వాడుతున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అది వదులుకోవడం కష్టమే, కానీ ఒక్కోసారి దాన్ని వదిలేయడమే పరిష్కారం.

డ్రైవర్ వేసినా నిలబడకపోతే, తెరుచుకున్న కాసేపట్లోనే ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్‌లోకి పోయి 'యూజ్ గ్రాఫిక్స్ ప్రాసెసర్' టిక్ తీసేసి చూడండి. అప్పుడు ఆగిపోవడం మానితే గొడవ గ్రాఫిక్స్‌దే అని ఖాయం. అలాగే వదిలేసి పని చేసుకోవచ్చు కదా అంటారేమో. రెండు రోజులకి పర్లేదు. కానీ జూమ్ తడబడుతుంది, కొన్ని ఫిల్టర్లు, కొత్త ఎంపిక పనిముట్లు బూడిదరంగులో మూగబోతాయి. కొత్త వెర్షన్‌లలో హెల్ప్ మెనూలో 'జీపీయూ కంపాటిబిలిటీ' అని ఉంటుంది, మీ కార్డు సరిపోతుందో లేదో అదే చెప్తుంది.

చివరి అస్త్రం ప్రిఫరెన్సెస్ రీసెట్. ఐకాన్ మీద రెండుసార్లు నొక్కిన మరుక్షణం కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ కలిపి నొక్కి పట్టుకోవాలి. ఆలస్యమైతే మామూలుగా తెరుచుకుంటుంది, మళ్ళీ ప్రయత్నించండి. సెట్టింగ్స్ ఫైలు తుడిచేయాలా అని అడిగితే అవును అనండి. పైన చెప్పిన కాపీ చేసుకున్నాకే సుమా.

స్క్రాచ్ డిస్క్ (ఫొటోషాప్ తాత్కాలికంగా వాడుకునే డిస్క్ చోటు) నిండింది అని వస్తే అది వేరే లెక్క. ఒక 12 x 36 షీటు 300 డీపీఐలో అంటే 3,600 పిక్సెళ్ళు x 10,800 పిక్సెళ్ళు. లేయర్లు లేని ఒట్టి షీటే దాదాపు 110 ఎంబీ. టెంప్లేటు, నలభై లేయర్లు, మాస్కులు, హిస్టరీ కలిపితే ఫొటోషాప్ రెండు మూడు జీబీలు చక్కగా మింగుతుంది, అదంతా సీ డ్రైవ్ మీద. అప్‌గ్రేడ్ తర్వాత అదే సీ డ్రైవ్‌లో పాత విండోస్ ఫోల్డరు ఇరవై జీబీకి పైగా ఆక్రమించుకుని కూర్చోవడం మామూలే. చోటు లేదు కదా అని దాన్ని తుడిచేయాలనిపిస్తుంది, అదే మనం తిరిగిపోవడానికి ఉన్న తాడు. దాన్ని ముట్టుకోకుండా స్క్రాచ్‌ని వేరే డ్రైవ్‌కి మార్చండి. ఫొటోషాప్ తెరుచుకునేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ పట్టుకుంటే స్క్రాచ్ ఏ డ్రైవ్‌లో పెట్టమంటారని అడుగుతుంది. వేరే ఎస్ఎస్‌డీ ఉంటే అది. యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ మాత్రం పెట్టొద్దు, వైరు కదిలిందంటే కథ ముగిసింది.

పసుపు రంగు. దీన్ని కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీంతోనే డబ్బు పోతుంది.

కొత్త ఫైలు తెరిచి తెల్లరంగు నింపండి. ఇన్ఫో ప్యానెల్ తెరిచి కర్సర్‌ని ఆ తెలుపు మీద పెట్టండి. ఆర్, జీ, బీ మూడూ 255 చూపిస్తూ, కంటికి మాత్రం పసుపుగా కనిపిస్తోందా? అయితే ఫైలు శుభ్రంగా ఉంది, చూపించే అద్దం రంగు పట్టింది. అప్‌గ్రేడ్ సమయంలో మానిటర్ డ్రైవర్‌తో పాటు ఒక కలర్ ప్రొఫైల్ కూడా వచ్చి కూర్చుంటుంది. అది సరిపడకపోతే, కలర్ మేనేజ్‌మెంట్ పాటించే ఫొటోషాప్ లాంటి వాటిలో తెలుపు పసుపుగా మారుతుంది. అదే ఫొటో ఆ లెక్కలు పట్టించుకోని వేరే ప్రోగ్రాంలో మామూలుగా కనిపిస్తుంది. అందుకే ఫొటోషాప్ పాడైందనుకుంటారు.

స్టార్ట్‌లో 'కలర్ మేనేజ్‌మెంట్' అని వెతకండి. డివైసెస్ ట్యాబ్‌లో మీ మానిటర్ ఎంచుకుని 'యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్' టిక్ పెట్టండి. యాడ్ నొక్కి 'ఎస్ఆర్‌జీబీ ఐఈసీ61966-2.1' చేర్చి, దాన్ని డిఫాల్ట్ చేయండి. ఫొటోషాప్ మూసి తెరవండి. ఇంతకు ముందు కాలిబ్రేటర్‌తో ప్రొఫైల్ చేసుకుని ఉంటే ఎస్ఆర్‌జీబీ తాత్కాలికమే, డ్రైవర్ మారింది కాబట్టి కాలిబ్రేషన్ మళ్ళీ చేయండి. దీనికంటే ముందు సెట్టింగ్స్‌లో నైట్ లైట్ ఆన్ అయిందేమో చూడండి. నవ్వొచ్చే మాటే గానీ, ఒక స్టూడియోకి నలభై కిలోమీటర్లు పోయి నేను నొక్కిన బటన్ అదొక్కటే. హెచ్‌డీఆర్ కూడా ఆఫ్‌లో ఉంచండి.

డబ్బు ఎలా పోతుందంటారా. కొన్నేళ్ళ క్రితం నా స్క్రీన్ ఇలాగే పసుపు తిరిగితే, ఫొటోలే పసుపుగా ఉన్నాయనుకున్నాను. రాత్రంతా కూర్చుని కర్వ్స్‌లో నీలం ఎక్కించుకుంటూ నలభై షీట్లు దిద్దాను. తెల్లారి ల్యాబ్‌కి పంపితే మధ్యాహ్నం ఫోన్. "అన్నా, పెళ్ళికూతురు మొహం నీలంగా ఉంది, ప్రింట్ కొట్టమంటారా?" అని. ఆ ఆపరేటర్ అడిగాడు కాబట్టి బతికిపోయాను. లేకపోతే ప్రింటు, లామినేషన్, బైండింగ్ ఖర్చంతా నా నెత్తి మీద. స్క్రీన్ సంగతి తేలేదాకా ఏ ఫొటోలోనూ రంగు ముట్టుకోకండి. అనుమానం వస్తే అదే జేపీజీని ఫోన్లో తెరిచి పక్కన పెట్టి చూడండి. ఫోన్ కూడా నిక్కచ్చి కాదు, కానీ పసుపుకీ తెలుపుకీ తేడా చెప్తుంది.

ప్రిఫరెన్సెస్ రీసెట్ చేసి ఉంటే ఎడిట్ మెనూలో కలర్ సెట్టింగ్స్ కూడా ఒకసారి చూసుకోండి. మీ ల్యాబ్ ఎస్ఆర్‌జీబీ అడుగుతుందో అడోబీ ఆర్‌జీబీ అడుగుతుందో దాని ప్రకారం పెట్టుకోవాలి.

తెలుగు అక్షరాలు. ఇక్కడ రెండు కథలున్నాయి, కలపకండి.

యూనికోడ్ తెలుగు మొదటిది. ఆల్బమ్ మొదటి షీటు మీద 'శుభమస్తు' అని కొడితే చివరి అక్షరం 'స్' విడిగా 'తు' విడిగా నిలబడుతోందంటే, ఫొటోషాప్ టెక్స్ట్ ఇంజన్ లాటిన్ పద్ధతిలో ఉందన్నమాట. కొన్నేళ్ళ కిందటి సీసీ వెర్షన్‌లలో ప్రిఫరెన్సెస్, టైప్‌లో 'వరల్డ్ రెడీ లేఅవుట్' గానీ 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' గానీ ఉంటుంది, దాన్ని ఎంచుకుని ఫొటోషాప్ మూసి తెరవాలి. ప్రిఫరెన్సెస్ రీసెట్ కొట్టిన ప్రతిసారీ ఇది మళ్ళీ లాటిన్‌కి పోతుంది. మీకూ ఎవరో రీసెట్ కొట్టి ఉంటారని నా అనుమానం. పాత పీఎస్‌డీలో (ఫొటోషాప్ ఫైలులో) అప్పటికే విరిగిన అక్షరాలు దానంతట అవి అతుక్కోవు. ఆ లేయర్ ఎంచుకుని పేరాగ్రాఫ్ ప్యానెల్ మూల మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టండి, వత్తు కిందకి వచ్చి కూర్చుంటుంది. కొత్త వెర్షన్‌లలో ఇంజన్ ఒకటే చేశారు కాబట్టి ఈ బాధ తక్కువ.

గౌతమి, వాణి ఫాంట్లు కనిపించకపోతే అవి పోలేదు. విండోస్ 10 నుంచే వాటిని విడిగా పెట్టారు. సెట్టింగ్స్, సిస్టమ్, ఆప్షనల్ ఫీచర్స్‌లో 'తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్' వేసుకుంటే వస్తాయి. నిర్మలా యూఐ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

రెండోది అను. అను ఫాంట్లలో తెలుగు బొమ్మలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో కూర్చుని ఉంటాయి. అందుకే ఫాంట్ దొరక్కపోతే పెళ్ళికొడుకు పేరు బదులు పిచ్చి ఇంగ్లీషు గుర్తులు కనిపిస్తాయి. పీఎస్‌డీ తెరిచినప్పుడు మిస్సింగ్ ఫాంట్స్ అని అడిగితే 'రీప్లేస్' నొక్కకండి, ఆ టెక్స్ట్ లేయర్‌ని ముట్టుకోకండి. ముందు ఫాంట్ వేసుకోండి. ఫాంట్ మీద కుడి బటన్ నొక్కి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అనే వేయండి. ఊరికే ఇన్‌స్టాల్ అంటే అది మీ యూజర్ ఫోల్డర్‌లోకి పోతుంది, కొన్ని పాత ప్రోగ్రాంలకు అక్కడున్నవి కనిపించవు.

ఇప్పుడు కీబోర్డు. ఈ ఒక్కదాని మీద నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను. ఒక కుర్రాడి సిస్టమ్‌లో నోట్‌ప్యాడ్‌లో అను చక్కగా పడుతోంది, ఫొటోషాప్‌లోకి రాగానే ఇంగ్లీషే. ఫాంట్ మార్చాం, అను తీసి మళ్ళీ వేశాం, లాభం లేదు. అలసిపోయి ఒక ఫొటోని ఫోల్డర్‌లోంచి ఫొటోషాప్‌లోకి లాగబోతే అదీ పడలేదు, కర్సర్ మీద నిషేధం గుర్తు. అప్పుడు వెలిగింది. ఎవరో "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టు, అన్నీ పోతాయి" అని సలహా ఇచ్చి ఉంటారు. ఫొటోషాప్ అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడుస్తుంటే, మామూలు హోదాలో ఉన్న ప్రోగ్రాంలు దానిలోకి కీలు పంపడానికి గానీ ఫైళ్ళు లాగి వదలడానికి గానీ విండోస్ ఒప్పుకోదు, భద్రత కోసం. అను కీబోర్డు మామూలు హోదాలో ఉంది, ఎక్స్‌ప్లోరర్ కూడా అంతే. ఫొటోషాప్ ఐకాన్ ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో ఆ టిక్ తీసేయగానే అను పడింది, ఫొటోలు కూడా లోపలికి లాగగలిగాం. మీకూ ఫొటోలు లాగితే పడటం లేదా? అయితే ముందు ఇదే చూడండి. అడ్మిన్‌గానే నడపక తప్పని పరిస్థితి అయితే అనుని కూడా అడ్మిన్‌గానే తెరవాలి, ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉండాలి.

కనిపించని ఫోల్డర్లు. అప్‌గ్రేడ్ తర్వాత విండోస్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. మనం అన్నిటికీ నెక్స్ట్, నెక్స్ట్ అంటాం. అందులో ఒకటి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్‌ని వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ చేయమంటారా అన్నది. సరే అంటే ఆ ఫోల్డర్లు మీ యూజర్ పేరు కింద నుంచి వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోతాయి. కాబట్టి పాత దారి గుర్తుపెట్టుకున్న యాక్షన్లు, లింక్ చేసిన స్మార్ట్ ఆబ్జెక్టులు, బ్రిడ్జ్ ఫేవరెట్లు అన్నీ దారి తప్పుతాయి. ఎక్స్‌ప్లోరర్‌లో యూజర్స్, మీ పేరు, వన్‌డ్రైవ్, డెస్క్‌టాప్ తెరిచి చూడండి, ఫోల్డర్లు అక్కడే ఉంటాయి.

ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. ఒక పెళ్ళి రా ఫైళ్ళే వంద జీబీ దాటే రోజుల్లో అది ఏ మూలకి? నిండిపోయాక సింక్ ఆగిపోతుంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో సింక్ అండ్ బ్యాకప్, మేనేజ్ బ్యాకప్‌కి పోయి మూడు ఫోల్డర్లనీ ఆపేయండి. తర్వాత పని ఫైళ్ళని డీ డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్‌కి మార్చుకోండి. ఒక జాగ్రత్త: 'ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి రెండు కాపీలున్నాయి' అనుకుని వన్‌డ్రైవ్ వైపు డిలీట్ కొట్టకండి. అవి రెండు కాపీలు కావు, ఒకటే రెండు చోట్ల కనిపిస్తోంది. పొరపాటున కొడితే వన్‌డ్రైవ్ సైట్‌లో రీసైకిల్ బిన్ వెంటనే చూడండి.

లైట్‌రూమ్ వాడుతుంటే ఫోల్డర్ల మీద ప్రశ్నార్థకాలు వస్తాయి. ఇదే కారణం, లేదా ఎక్స్‌టర్నల్ డిస్క్ అక్షరం 'ఈ' నుంచి 'ఎఫ్'కి మారి ఉంటుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరం ఇచ్చేస్తే అన్నీ తిరిగొస్తాయి. లేదా ఆ ఫోల్డర్ మీద కుడి బటన్ నొక్కి 'ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్' అనండి. తీసేసి మళ్ళీ ఇంపోర్ట్ చేయడం మాత్రం వద్దు, అప్పటిదాకా చేసిన దిద్దుబాట్లు పోతాయి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. పెన్ టాబ్లెట్ వాడుతూ గీత వెనకబడుతుంటే, లేదా కలం ఆనించి ఉంచితే చుట్టూ గుండ్రం వస్తుంటే, టాబ్లెట్ కంపెనీ కొత్త డ్రైవర్ వేసి, విండోస్‌లో 'ప్రెస్ అండ్ హోల్డ్'ని ఆపేయండి. పాత ఫొటో ప్రింటర్, కాలిబ్రేటర్ లాంటివి పలకకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్, మెమరీ ఇంటెగ్రిటీ కింద ఏ డ్రైవర్‌ని అడ్డుకుందో చూడొచ్చు. పాతకాలం డ్రైవర్‌కి కొత్తది లేకపోతే ఆ పరికరం కోసం పాత సిస్టమ్ ఒకటి నెట్ లేకుండా పక్కన ఉంచుకోవడమే, నేనూ పాస్‌పోర్టు ఫొటోల ప్రింటర్‌కి అదే చేశాను. 4కే మానిటర్ మీద పాత ఫొటోషాప్ సీఎస్6 మెనూలు చీమల్లా కనిపిస్తే కంపాటిబిలిటీలో 'హై డీపీఐ' సెట్టింగ్స్‌ని 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' పెట్టండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ ఫొటోషాప్ షాపు వాళ్ళు పెన్‌డ్రైవ్‌లోంచి ఊరికే వేసిచ్చింది అయితే, పైవేవీ పని చేయకపోవచ్చు. అలాంటి కాపీల్లో మార్చిన ఫైళ్ళని విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకుని పక్కన పెట్టేస్తుంది, ఫొటోషాప్ సగం కాళ్ళతో మిగులుతుంది. యాంటీవైరస్ ఆపేస్తే పోతుందని చెప్పేవాళ్ళుంటారు. కస్టమర్ల పెళ్ళి ఫొటోలున్న సిస్టమ్‌లో నేనైతే ఆ పని చేయను, చెప్పను. డెలివరీ దగ్గర పడితే బ్రౌజర్‌లో ఫొటోపీ అనే ఆన్‌లైన్ ఎడిటర్ తెరవండి, పీఎస్‌డీ లేయర్లతో సహా తెరుచుకుంటుంది. అంత పెద్ద షీట్లకి నెమ్మదిగా ఉంటుంది గానీ పేరు మార్చడం, ఫొటో మార్చడం లాంటివి జరిగిపోతాయి.

ఫార్మాట్ ఎప్పుడూ వద్దనడం లేదు. ఫొటోషాప్ ఒక్కటే కాకుండా బ్రౌజర్, ఎక్స్‌ప్లోరర్ కూడా పడిపోతుంటే, నీలం తెర వస్తుంటే, అప్పుడు ముందు డిస్క్ ఆరోగ్యం చూపించి ఆ తర్వాత ఫార్మాట్ సంగతి ఆలోచించాలి. అదైనా పని ఫైళ్ళు, ఫాంట్ల ఫోల్డర్, యాక్షన్లు, బ్రష్‌లు, లైట్‌రూమ్ క్యాటలాగ్ బయటకు తీసుకున్నాకే. ఫొటోషాప్‌లో హెల్ప్ మెనూ నుంచి సైన్ అవుట్ చేయాలి. అది మరిచిపోతే రెండు సిస్టమ్‌ల పరిమితిలో ఒకటి వృథాగా ఖర్చయినట్టు చూపిస్తుంది. కొత్త విండోస్ 11ని మైక్రోసాఫ్ట్ ఖాతాతో వేస్తే డ్రైవ్ తనంతట తనే ఎన్‌క్రిప్ట్ అయ్యే అవకాశం ఉంది. ఆ రికవరీ కీ ఎవరి ఖాతాలో ఉందో అడగండి. షాపు అతను తన మెయిల్‌తో లాగిన్ అయి వేసిస్తే, మీ డిస్క్ తాళం అతని దగ్గర ఉన్నట్టే.

మీ విషయంలో నేనైతే ఈ వరసలో పోతాను. ఈ రాత్రి సెట్టింగ్స్ ఫోల్డర్ కాపీ, రిలయబిలిటీ పేజీ చూడటం, స్టూడియో డ్రైవర్. రేపు పొద్దున వెలుతురులో కలర్ ప్రొఫైల్, ఆ తర్వాత అడ్మిన్ టిక్, తెలుగు ఇంజన్. ఎల్లుండి సాయంత్రానికి కూడా ఫొటోషాప్ నిలబడకపోతే గడువు ఉండగానే గో బ్యాక్ నొక్కి విండోస్ 10కి పోండి, రెండు ఆల్బమ్‌లు ఇచ్చేయండి. గో బ్యాక్ నొక్కే ముందు ఈ వారం రోజుల్లో చేసిన పని బయట డిస్క్‌లోకి తీసుకోవడం మరవొద్దు. సీజన్ అయ్యాక తీరిగ్గా మళ్ళీ 11కి రావచ్చు.

డ్రైవర్ వేశాక కూడా మూసుకుపోతుంటే, ఆ ఫాల్ట్ మాడ్యూల్ పేరు, హెల్ప్‌లో సిస్టమ్ ఇన్ఫో అని ఉండే పేజీ కాపీ చేసి ఇక్కడ పెట్టండి. పేజీల కొద్దీ వస్తుంది, పైన గ్రాఫిక్స్ కార్డు వివరాలు వచ్చేదాకా ఉన్న భాగం చాలు. సీరియల్ నంబర్ కనిపిస్తే కొట్టేసి పెట్టండి.